రంగు లేని చుక్క

షాపు వెనక గది
సోమవారం

అక్కా,

నిన్న నువ్వన్నదానికి ఇది జవాబు. "కళ్ళు బాగాలేక పని మానేస్తావా, పని మానేయడానికి కళ్ళు బాగాలేవా" అన్నావు. అని నవ్వావు. పక్కనుంచి బావ కూడా నవ్వాడు, నాకు వినపడింది. నేను ఫోన్ పెట్టేసింది అందుకే. అన్నీ సగంలో వదిలేయడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటన్నావుగా, బడీ అంతే, పనులూ అంతే అని. అందుకే కాగితం మీద రాస్తున్నా. తప్పులుంటే నువ్వే దిద్దుకో, నీకు సరదా కదా.

ముందు కళ్ళ సంగతి. ఇది సాకు కాదు. నిన్న పొద్దున లేస్తే కుడి కన్ను తెరుచుకోలేదు, వేలితో విప్పుకున్నా. రెప్పమీద చర్మం తడిసి ఆరిన కాగితంలా ముడతలు పడింది. ఎర్రగా ఉంది, మూల్లో పొట్టు రాలుతోంది. ఎడమది కొంచెం నయం. చూపు బాగానే ఉంది, దురదంతా పైన తోలుకే. రుద్దితే ఒక్క నిమిషం హాయి, తర్వాత మంట. రుద్దకపోతే పిచ్చెక్కుతుంది. మూడు నెలల్నుంచీ ఇంతే, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాడికి కళ్ళు ఇలా ఉంటే ఎలా ఉంటుందో నీకు తెలీదు. మా షాపులో పద్నాలుగు అద్దాలున్నాయి. ఎటు తిరిగినా నా మొహమే. మొన్న ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. నా వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, "ఇక్కడ కొన్నవి పెట్టుకుంటే ఇలా అవుతుందా ఏంటి" అని పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అంతే, పెద్దాయన నన్ను వెనక గదిలోకి తోసేశాడు. ఓనర్ని అందరూ పెద్దాయన అనే అంటారులే.

వారానికి రెండుసార్లు షాపుకొచ్చే కళ్ళ డాక్టరు లైటేసి చూసి, "కన్ను బ్రహ్మాండంగా ఉంది, ఇది నా శాఖ కాదు" అన్నాడు. కంటి మీదున్న తోలు కంటి డాక్టరు శాఖ కాకపోతే ఎవరి శాఖ అక్కా. నాకేం అర్థం కావట్లేదు.

అసలు విషయం ఇది. షాపులో ముందున్న బల్ల వచ్చే నెలాఖరుకి ఖాళీ అవుతుంది. అక్కడ కూర్చునేవాడు మనుషుల మొహాలకి ఫ్రేములు సరిచేస్తాడు, వెనక గదిలోలా ఊరికే స్క్రూలు బిగించుకుంటూ ఉండడు. అది నాదే అన్నాడు పెద్దాయన, కళ్ళు బాగుపడితే. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాడు. పదకొండు నెలలు నిలబడ్డాను ఇక్కడ. నువ్వు నవ్వావు.

ఇక రెండోది. నీ పూత సీసా. మీ బడి లైబ్రరీ పుస్తకాల వీపు మీద నంబర్లు చెరిగిపోకుండా నువ్వు పూసుకునేది. చలికాలంలో మీ ఇంట్లో నాలుగు రోజులున్నందుకు, ఆ నాలుగు రోజుల్లో పోయినవన్నీ నా మీదేనా? నాకు పుస్తకాలున్నాయా పూయడానికి? నేను తీయలేదు.

సానాయన చేత ఫొటో తీయించి ఇందులో పెట్టా. అద్దాలు సానబట్టే ఆయన, నా పక్క స్టూలే. చూసి అప్పుడు నవ్వు. పెద్దాయన పిలుస్తున్నాడు, వెళ్ళాలి.

నీ తమ్ముడు


లైబ్రరీ, మధ్యాహ్నం బెల్లుకి ముందు
గురువారం

ఒరేయ్ బొంగరం,

ఉత్తరం అందింది. తప్పులు దిద్దాను, ఇరవై ఆరు. బావ చదివి, "వీడు ఫోన్లోనే కోతి గానీ, కాగితం మీద మనిషే" అన్నాడు. "వెళ్ళాలి" అని ఆపావు చూడు, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. నీకెప్పుడూ వెళ్ళాల్సిందే. ఎక్కడికో నీకే తెలీదు.

నేనెందుకు నమ్మలేదో చెప్తా. బేకరీలో పిండి పడట్లేదన్నావు, మానేశావు. టైర్ల షాపులో చెవులు గుయ్యిమంటున్నాయన్నావు, మానేశావు. ప్రెస్సులో మేనేజరు చూపు నచ్చలేదన్నావు. ఆ చూపుకి మందేంటో నేనిప్పటికీ కనుక్కుంటున్నా. ఇది ఎనిమిదో పని. ఎనిమిదోసారి నిజమే చెప్తున్నావని నాకెలా తెలుస్తుంది?

కానీ ఫొటో చూశాక బావ అన్నం ముందు నుంచి లేచి వచ్చి మళ్ళీ చూశాడు. ఎవరో రెండు గుద్దులు గుద్దినట్టుంది రా. నవ్వినందుకు ఏమీ అనుకోకు.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. కళ్ళ డాక్టరు చెప్పింది నిజమే, తోలు జబ్బు తోలు వాళ్ళకే తెలుస్తుంది. వెళ్ళేలోపు, పోయినేడాది జిగురు పడక నా చేతులు పగిలినప్పుడు ఇచ్చిన ట్యూబు పంపుతున్నా. రెండ్రోజుల్లో తగ్గించింది నాకు. బియ్యపు గింజంత రాసుకో.

ఇకమీదట ఉత్తరాలే. ఫోన్ చేస్తే ఎత్తను. ఉత్తరంలో అయితే నువ్వు అరిచినా అక్షరాలు అంతే ఉంటాయి.

పూత సీసా సంగతి మర్చిపోలేదు. నువ్వు వెళ్ళిన రోజు నుంచే లేదు. ఊరికే అడగట్లేదు, పిల్లలు తడి చేతుల్తో పట్టుకుంటే నంబర్లన్నీ అలుక్కుపోతున్నాయి, పెద్ద టీచరు నన్నే అంటోంది. నువ్వు అప్పుడు బిగించి వెళ్ళిన నా కళ్ళజోడు మాత్రం ఇంతవరకూ వదులవలేదు. అదొక్కటి ఒప్పుకుంటా.

అక్క


ఇంట్లో, కిటికీ దగ్గర
ఆదివారం

అక్కా,

నీ ట్యూబు నాలుగు రోజులు దేవుడిలా పనిచేసింది. వాపు పోయింది, ఎరుపు పోయింది, పెద్దాయన నన్ను ముందుకి పిలిచి అద్దాలు తుడవమన్నాడు కూడా. అయిదో రోజు ట్యూబు అయిపోయింది. ఆరో రోజు పొద్దున చూసుకుంటే ముందుకంటే రెండింతలు. రెండు కళ్ళూ. మళ్ళీ వెనక గది.

దాంతో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళా. ట్యూబు చూపించా. ఆవిడ దాన్ని తోక పట్టుకుని ఎలకని ఎత్తినట్టు ఎత్తింది. "ఇది ఎవరిచ్చారు బాబూ?" అంది. మా అక్క అన్నా. "మీ అక్క డాక్టరా?" లైబ్రరీ అన్నా. "పుస్తకాలకి రాసుకోమను" అంది. నేనన్న మాట కాదు, ఆవిడన్నదే రాస్తున్నా.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకూ ఇది. ఒంటి మీద తోలంతా ఒకెత్తు, రెప్ప తోలు ఒకెత్తు. ఉల్లిపాయ మీద పొర ఉంటుందే, అంత పల్చన. చేతులకిచ్చే గట్టి మందు అక్కడ రాస్తే ఆ పొర ఇంకా పల్చబడుతుంది. ఎక్కువ రోజులు రాస్తే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పట. అది జబ్బుని నొక్కి ఉంచిందే గానీ తీసేయలేదు, చెయ్యి తీయగానే లేచింది.

ఇప్పుడు అన్నీ బంద్. సబ్బు తగలకూడదు, పౌడరు, నూనె, సెంటు ఏదీ వద్దు. శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో పిండి పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కళ్ళ మీద వేసుకోవాలి. తర్వాత వాసన లేని ఉత్త వ్యాజలీను పల్చగా. రుద్దకూడదు, దురదొస్తే గుడ్డతో అద్దుకోవాలి. ఒక చిన్న ఆయింట్‌మెంటు ఇచ్చింది, రెప్పలకి సరిపడేదట, అది కూడా ఆవిడ చెప్పిన పది రోజులే.

ఇక అసలు తిరకాసు. "కళ్ళకి ఏం రాస్తావు?" అంది. ఏమీ రాయనన్నా. "అయితే చేతులకి ఏం తగులుతుంది?" అంది. నేను కళ్ళు చూపిస్తుంటే ఆవిడ చేతులు చూస్తోంది. నా చేతులకి ఏమీ లేదండీ, చూడండి, నున్నగా ఉన్నాయి అన్నా. రెప్పకి పట్టే జబ్బు చాలాసార్లు చేతుల్లోంచే వస్తుందట. వేళ్ళ తోలు మొద్దు, దానికేమీ అనిపించదు, అదే వేలు కంటికి తగిలితే రెప్ప గోల చేస్తుందట. కూరలో కారం నేనేస్తే నోరు సానాయనది మండినట్టు. నాకు బుర్ర తిరిగింది.

రోజంతా నా చేతులు ముట్టుకునే వస్తువులన్నీ రాసుకు రమ్మంది. ఒక ఫారం కూడా ఇచ్చింది. నా రాత చూసి ఆవిడకి ఇంకో జబ్బు రాకూడదని నీకు పంపిస్తున్నా. నువ్వు గుండ్రంగా రాసి వెనక్కి పంపు.

సబ్బు, పేస్టు, దువ్వెన, తల నూనె, తువ్వాలు, తలుపు గొళ్ళెం, సైకిల్ హ్యాండిలు. షాపులో ఇనప ఫ్రేములు, ప్లాస్టిక్ ఫ్రేములు, స్క్రూడ్రైవరు, పట్టకారు, అద్దాలు తుడిచే నీళ్ళు, ఆ గుడ్డ, ఫ్రేములు వేడిచేసే పెట్టె, సానాయన రాయి మీద పడే నీళ్ళు, కంటికి పెట్టుకునే భూతద్దం, దాని రబ్బరు అంచు (డాక్టరమ్మకి దీని మీదే అనుమానం, కుడి కన్నుకే పెట్టుకుంటా కదా), టీ గ్లాసు, బిల్లు పుస్తకం, పక్క షాపు పిల్లి, పెద్దాయన ఇచ్చే బిస్కెట్లు, నీ ట్యూబు.

ఇంతే. ఇంకేం లేవు.

ఫారంలో జుట్టు రంగు, గోళ్ళ రంగు వాడతారా అని ఏవేవో ఉన్నాయి. అవి నువ్వే నింపెయ్.

నెలాఖరుకి ముప్పై నాలుగు రోజులుంది. వేళ్ళ మీద లెక్కపెడుతున్నా. ఇప్పుడా వేళ్ళంటేనే భయమేస్తోంది.

నీ తమ్ముడు


లైబ్రరీ
బుధవారం

ఒరేయ్ బొంగరం,

ముందు ట్యూబు విషయం. తప్పు నాది. చేతికి పనికొచ్చింది కంటికీ పనికొస్తుందనుకున్నా. పుస్తకాలకి రాసుకోమందని రాశావు, బావ ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. చూపుకేమీ కాలేదు కదా? అది రాయకుండా పిల్లి గురించి రాశావు.

జాబితా గుండ్రంగా రాశాను. ఫారం నింపాను. జుట్టు రంగు లేదు. గోళ్ళ రంగు లేదు, ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు అని కూడా రాశా. సెంటు లేదు. ఉంగరాలు లేవు. కొత్తగా మార్చిన సబ్బు లేదు. ఇవన్నీ లేనివాడికి ఈ జబ్బెందుకొచ్చిందో ఆవిడకీ చిక్కే.

నీ జాబితా రాస్తుంటే నాకొకటి తట్టింది. పిల్లిని కూడా రాశావు, బిస్కెట్టునీ వదల్లేదు. అంత పద్ధతిగా రాసిన మనిషివి చివర్న "ఇంతే, ఇంకేం లేవు" అన్నావు. చిన్నప్పుడు జేబులో ఏమన్నా ఉంటే నువ్వు అచ్చం అలాగే అనేవాడివి. రెండుసార్లు. ఒకసారి అంటే నిజంగా లేనట్టు, రెండుసార్లంటే ఉన్నట్టు.

పూత సీసా నువ్వు తీసుంటే తీశానని చెప్పు. తిట్టను. కొత్తది కొనుక్కోవచ్చు, కానీ నాకు కావల్సింది ఇప్పుడు సీసా కాదు.

అక్క


షాపు వెనక గది
మంగళవారం

అక్కా,

ఎన్నిసార్లు అడుగుతావు? తీయలేదన్నానా? నాకిక్కడ రెప్పలు ఊడిపోతుంటే నీకు సీసా గోల. చూపు బాగానే ఉంది, డాక్టరమ్మ చూసింది. చాలా?

జాబితా తీసుకెళ్ళా. ఆవిడ చదివి, పిల్లి దగ్గర ఆగి, మళ్ళీ చదివింది. తర్వాత నన్ను బోర్లా పడుకోబెట్టి వీపంతా పట్టీలు అతికించింది. ఒక్కో పట్టీకి చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో మందు. కళ్ళకి జబ్బయితే వీపుకి పట్టీలేంటండీ అన్నా. వీపు పెద్ద పలక, అక్కడ రాస్తే కనపడుతుంది అంది. పెన్నుతో గడులు గీసింది. రెండ్రోజులు స్నానం లేదు, చెమట పట్టకూడదు, వంగకూడదు. నన్ను కదలకుండా ఉండమనడం ఏంటో, నన్నెరిగినవాళ్ళెవరన్నా ఆవిడకి చెప్పాల్సింది. సానాయన చొక్కా ఎత్తి చూసి, "చదరంగం బల్లలా ఉంది, పావులు తెస్తానుండు" అన్నాడు. నవ్వితే పట్టీలు లాగాయి.

రెండ్రోజులకి తీసి చూసింది. ఇంకో రెండ్రోజులాగి మళ్ళీ రమ్మంది. ఈలోగా వీపు మీద ఒకచోట దురద మొదలైంది. చెయ్యి అందదు. తలుపు మూలకి రుద్దుకుందామని వెళ్ళి, ఆగిపోయా. ఆగిపోయా అక్కా, నువ్వు నమ్మవు గానీ.

నిన్న చూసింది. రబ్బరు గడి శుభ్రంగా ఉంది. సబ్బు, ఇనుము, సెంటు, అన్నీ శుభ్రం. మూడో వరసలో నాలుగో గడి మాత్రం ఎర్రగా, బుడిపెలతో పొంగి ఉందట. అదేంటో తెలుసా? నెయిల్ పాలిష్. అందులో వేసే జిగురట. ఆడవాళ్ళకి రెప్పల మీద ఈ జబ్బు రావడానికి అదొక పెద్ద కారణమట, గోళ్ళకి ఏమీ కాదు, ఆ గోళ్ళు కంటికి తగిలితే కంటికి వస్తుంది.

నా గోళ్ళు చూసింది. నేనూ చూసుకున్నా. నల్లగా ఉన్నాయి, విరిగి ఉన్నాయి. "నువ్వు పెట్టుకోవా?" అంది. మగాణ్ణండీ అన్నా. "ఈ రోజుల్లో అదో లెక్కా" అంది. "ఇంట్లో ఎవరన్నా?" అంది. నీ రాత చూపించింది. గోళ్ళ రంగు లేదు, ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆవిడా బుర్ర గోక్కుంది.

షాపులో చెప్తే సానాయన పళ్ళికిలించి, "ఎవరి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంటున్నావు రా" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "నెలాఖరుకి పన్నెండు రోజులే ఉంది, కారణం లేని జబ్బుకి నేనేం చెయ్యను" అన్నాడు. నిన్న ఎవరో కుర్రాడు వచ్చి ముందు బల్ల మీద కూర్చుని చూసి వెళ్ళాడు. బుగ్గలు, కళ్ళు అన్నీ నిగనిగలాడుతున్నాయి వాడివి.

నాకేం అర్థం కావట్లేదు. వీపులు మారిపోయాయా? నాది ఇంకెవరిదో వీపా? ఎప్పుడూ ముట్టని వస్తువు నన్నెలా ముట్టుకుంది?

నేను మానేస్తాను అక్కా. వాళ్ళు పొమ్మనేలోపు నేనే పోతే బాగుంటుంది. నువ్వన్నదే నిజం అనుకో. ఎనిమిదోది కూడా సగంలోనే.


లైబ్రరీ, బెల్లు కొట్టేశారు, నేనింకా ఇక్కడే
శుక్రవారం

తమ్ముడూ,

మానకు. ఇది చదివేదాకా మానకు. నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది, నిలబడే రాస్తున్నా.

మళ్ళీ చదువుదామని కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నా. కాడ మడత పడే చోట స్క్రూ నెత్తిన ఏదో మెరిసింది. చలికాలంలో నువ్వు బిగించిందే. గుండుసూదితో గీరాను. పల్చటి పొరలా లేచి వచ్చింది. ఆ పొర నాకు తెలుసు. నాలుగేళ్ళుగా పుస్తకాల వీపుల మీద నుంచి దాన్నే గోటితో లేపుతున్నా.

ఆ రోజు వంటింటి బల్ల దగ్గర నువ్వు బిగిస్తుంటే "ఏం పూస్తున్నావు రా" అని అడిగా. "చుక్క, స్క్రూ వదులవకుండా" అన్నావు. నేను పప్పు కలుపుతున్నా, తిరిగి చూడలేదు.

ఇప్పుడు నా సిగ్గు చెప్తా, విను. ఆ పూత నేను కొనేది పౌడర్లు, దువ్వెనలు అమ్మే షాపులో. మూతకి చిన్న కుంచె ఉంటుంది. అట్టపెట్టె మీద ఆడమనిషి చెయ్యి బొమ్మ ఉంటుంది, అయిదు గోళ్ళతో. నాలుగేళ్ళుగా ఆ పెట్టె చించి పారేస్తున్నా. దానికి రంగు లేదు. రంగు లేనిది గోళ్ళ రంగని నాకు ఏనాడూ తట్టలేదు. నాకది పూత. నీకది చుక్క. మీ డాక్టరమ్మకి నెయిల్ పాలిష్. మూడూ ఒకటే సీసా రా.

ఫారం మీద "లేదు" అని నా చేత్తో రాశాను. ఇంకు ఆరేదాకా ఊది మరీ పంపాను. ఆవిడ నా రాత చూసి మోసపోయింది, అంత గుండ్రంగా ఉన్న రాతలో అబద్ధం ఉంటుందని ఎవరనుకుంటారు.

నువ్వు తీశావు. ఇంక అడగను, నాకు తెలుసు. తీశానని ఒక్క మాట రాసుంటే అది పిల్లి పక్కన జాబితాలోకి వచ్చేది, ఇన్ని రోజులు పోయేవి కాదు. కానీ ఉత్తరానికోసారి దొంగా అని అడిగిందాన్ని నేను. ఆ జాబితా నా చేతికే వస్తుందని తెలిసి నువ్వెలా రాస్తావు? ట్యూబు పంపింది నేను, ఫారం నింపింది నేను, సీసా కొన్నది నేను. నిన్ను సగంలో వదిలేస్తావన్నది కూడా నేనే.

పని మానకు. సీసా మాను. సోమవారం దాన్ని కాగితంలో చుట్టి డాక్టరమ్మకి చూపించు, నువ్వు చుక్క ఎలా పెడతావో చేసి చూపించు. ఆవిడకి నా తరఫున, గోళ్ళ రంగు ఉంది అని చెప్పు.

ఏమైందో రాయి. ఈసారి తప్పులు దిద్దను.

అక్క


షాపు, ముందు బల్ల
శనివారం

అక్కా,

తీశాను. రాసేశా, ఇక అయిపోయింది.

ఎలా అంటే, చలికాలం మొదట్లో చుక్క పెట్టే పని పెద్దాయన నాకిచ్చాడు. ఆయన సీసా ఎండిపోయి ఉంది, నువ్వే ఒకటి తెచ్చుకో అన్నాడు. పౌడర్ల షాపు దాకా వెళ్ళా. లోపల ఇద్దరు ఆడపిల్లలున్నారు. గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు తిరిగొచ్చా. తర్వాత మీ ఇంటికొస్తే అదే సీసా నీ బల్ల మీద కనపడింది. నీ కళ్ళజోడుకి చుక్క పెట్టి, జేబులో వేసుకున్నా. అడిగితే ఇచ్చేదానివే. అడగడం మర్చిపోయా, తర్వాత నువ్వు అడగడం మొదలుపెట్టావు, ఇక ఎలా చెప్పాలో తెలీలేదు.

డాక్టరమ్మ నెయిల్ పాలిష్ అన్నప్పుడు కూడా నాకు అది గుర్తు రాలేదంటే నమ్ముతావా? మా షాపులో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. కొనడానికి వెళ్ళినప్పుడు అది పాలిష్షే, జేబులోకి వచ్చాక చుక్క అయిపోయింది. నాకే వింతగా ఉంది.

సోమవారం సీసా పట్టుకెళ్ళా. చేసి చూపించమంది. తెరవకుండానే, ఉత్త చేత్తో చూపించా. కుంచె తీయడం, స్క్రూ నెత్తిన చుక్క, ఎక్కువైంది బొటనవేలితో తుడిచేయడం, అదే బొటనవేలితో భూతద్దం ఎత్తి కంటికి నొక్కుకోవడం. "ఆగు" అని నా మణికట్టు పట్టుకుంది. "మళ్ళీ చెయ్యి." చేశా. "ఇలా రోజుకి ఎన్ని?" నలభై అన్నా. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "నలభైసార్లు నీ కంట్లో నువ్వే పెట్టుకుంటున్నావు బాబూ" అంది. కుడి కన్ను ఎందుకు ఎక్కువో అప్పుడు తెలిసింది. రబ్బరు తప్పు కాదు, రబ్బరు మీద నా వేలిది.

అయినా నాకు పూర్తిగా అర్థం కాలేదు. పెద్దాయన నలభై ఏళ్ళు చుక్క పెట్టాడు, ఆయనకేం కాలేదు. నాకూ మొదటి రోజుల్లో ఏం కాలేదు. అదేంటని అడిగితే, అందరి ఒంటికీ పగ పుట్టదట, కొందరికి పుడుతుంది, పుట్టడానికి కొన్నాళ్ళు పడుతుంది, ఒకసారి పుట్టాక జన్మలో మర్చిపోదట. నా తోలుకున్న జ్ఞాపకశక్తి నాకుంటే బడి మానేవాణ్ణే కాదు.

పెద్దాయనకి డాక్టరమ్మ చీటీ చూపించా. చాలాసేపు చదివాడు. "కారణం ఉందన్నమాట" అన్నాడు. ఆ కుర్రాడికి ఏం చెప్పాడో తెలీదు, మళ్ళీ రాలేదు. భూతద్దం రబ్బరు తీసేసి కొత్తది వేయించాడు. చుక్క ఇప్పుడు ఆయనే పెడుతున్నాడు. నేను బిగించి పిలిస్తే ముందు గదిలోంచి లేచి వస్తాడు, చుక్క పెట్టి, "చాలా?" అని నన్నే అడుగుతాడు.

ముట్టుకోక ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఎడమది పోయింది. కుడిది ఇంకా గీతలా కొంచెం ఎరుపుంది, మూల్లో. ఆయింట్‌మెంటు ఆపేశా, చల్లగుడ్డ, వ్యాజలీను మాత్రం ఉన్నాయి. ఒకోసారి దురదొస్తుంది, చెయ్యి సగం దాకా లేస్తుంది, చూసుకుని దించుకుంటా. నెలాఖరు దాటి రెండు వారాలైంది. "పూర్తిగా పోలేదుగా" అన్నాడు పెద్దాయన. పోలేదన్నా. "ఈ వారం కూర్చో, చూద్దాం" అన్నాడు. ఖాయమని అనలేదు. కాదనీ అనలేదు. నాకు అంతే తెలుసు.

నీ సీసా పార్సెల్లో వస్తోంది. పావు వంతే మిగిలింది. సానాయన చేత కట్టించా, నేను ముట్టలేదు. నీకు రెప్పలు దురదపెడితే మాత్రం వెంటనే చెప్పు, ట్యూబు వెతక్కు. ఇంకోటి, నీ కళ్ళజోడు మీద చుక్క గుండుసూదితో గీరేశానన్నావు, ఇక అది వదులవుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు బిగిస్తా, చుక్క మాత్రం నువ్వే పెట్టుకోవాలి. బావకి చెప్పు, నేను

ఎవరో వచ్చారు. ఒకావిడ, కాడ ఊడిపోతే కళ్ళజోడు చేత్తో మొహానికి పట్టుకుని నిలబడింది. పెద్దాయన లేడు, సానాయన రాయి మీదున్నాడు. నా కళ్ళకేసి చూస్తోంది. కుడి కన్నుకేసి. ఇంకా చూస్తోంది.

కూర్చుంది. వెళ్ళాలి అక్కా